బంగారు డ్రిల్లు, నీలం కత్తిపీట

గరాజ్‌లో డ్రిల్లు బిట్ల పెట్టె తెరిచి మా చిన్నాడు "నాన్నా, ఇది బంగారమా?" అన్నాడు. బంగారమైతే మీ అమ్మ దాన్ని గరాజ్‌లో ఉంచుతుందా అన్నాను.

పిల్లలూ, అది టైటేనియం నైట్రైడ్ పూత. మందం రెండు నుంచి నాలుగు మైక్రాన్లే, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుకి అటూ ఇటూ. అయినా లోపలి స్టీలు కంటే రెండు రెట్లకు పైగా గట్టిది.

అద్దంలా మెరిసే స్టీలు కూడా మైక్రోస్కోపు కింద కొండలూ లోయలే. రెండు లోహాలు రాసుకుంటే ముందు ఆ కొండకొనలే తగిలి విరుగుతాయి. విరిగిన ముక్కలు మధ్యలో చేరి ఇసుకలా అరగదీస్తాయి. అందుకే రేకుల్ని వంచే డైలకు చివరి పాలిష్ రేకు జారే దిశలోనే పడతారు, అడ్డంగా పట్టరు. గరుకుని పూత దాచలేదు. కళ్ళాపి చల్లని వాకిట్లో ముగ్గేసినట్టే ఉంటుంది. (మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే, ఆ గొడవ ఇక్కడెందుకు లెండి.)

మొద్దుబారిన ఒక బిట్‌ని బెంచ్ గ్రైండరు మీద పట్టాను. మొన మీది బంగారం పోయింది గానీ స్టీలుకేమీ కాలేదు. అది హైస్పీడ్ స్టీలు మరి! మా ఇంటికి గంట దూరంలో, 1995లో కొలిమి ఆరిపోయిన బెత్లెహేంలోనే, ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ 1898-1900 ప్రాంతంలో దాని గుట్టు పట్టుకున్నారు. కరిగే వేడికి కాస్త ముందుదాకా కాల్చి చల్లార్చడమే ఆ గుట్టు. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఆ పనిముట్టు మొన ఎర్రగా కాలుతూనే లోహాన్ని కోసింది.

ఆ ధీమాతో, మా అమ్మ సూట్‌కేసులో మోసుకొచ్చిన కత్తిపీటనీ గ్రైండరుకిచ్చాను. అది పాతకాలపు కార్బన్ స్టీలు. అర నిమిషంలో అంచు నీలంగా మారింది. నీలమంటే దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ తగిలినట్టు, పదును నిలిపే గట్టిదనం పోయినట్టు. పైగా చక్రం గీసిన లోతు గీతలు. వంకాయ జారడం మానేసి పట్టుకుపోతోంది.

అమ్మ ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు డెక్ మీద చెంబుతో నీళ్ళు పెట్టుకుని, సానరాయి చేతబట్టి కూర్చుంది.

"నీళ్ళెందుకు బామ్మా?"

"వేడెక్కకుండా నాన్నా. మీ నాన్నకి చెప్పు."

ముందు గరుకు వైపు, తరవాత నున్న వైపు. రోజుకో గంట చొప్పున పది రోజులు, ఆ నీలం పూర్తిగా అరిగేదాకా నూరింది. కత్తి బియ్యపుగింజ మందాన తగ్గింది. పదకొండో రోజు గుత్తివంకాయ కూర చేసి, కత్తిపీట గరాజ్ గడప దాటకుండా చూడమని మా చిన్నాడిని కాపలా పెట్టింది.