రాయి కరిగిందా, జారిపోయిందా?

కిడ్నీలో రాయి ఉందని స్కానింగ్‌లో తేలగానే తెలుగిళ్లలో ముందు మోగేది వాట్సాపే. కొండపిండి ఆకు కషాయం తాగమని ఒకరు, అరటి దూట రసం తాగమని మరొకరు వీడియోలు పంపుతారు. ‘వారంలో రాయి కరిగిపోయింది’ అని కింద కామెంట్లు. ఆ మాట రాసినవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. మూత్రనాళంలోకి దిగిన 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లలో ఎక్కువ భాగం వాటంతటవే మూత్రంలో పడిపోతాయి. పేరు మాత్రం ఆకుకు వస్తుంది. రాయి పడనివాళ్లు కామెంటు రాయరు.

నొప్పి తగ్గింది కదా అని ఊరుకుంటే, అడ్డుపడ్డ రాయి వెనక మూత్రం నిలిచి, కిడ్నీ ఉబ్బి, చడీచప్పుడు లేకుండా పాడైపోవచ్చు. చలిజ్వరం తోడైతే తెల్లవారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. రీల్ చేసేవాళ్లకు ఈ ముక్క చెప్పే తీరిక ఉండదు.

ఈ బెడద తెలుగువాళ్లకే పరిమితం కాదు. న్యూయార్క్ యూరాలజిస్ట్ స్టేసీ లోబ్ బృందం ప్రొస్టేట్ క్యాన్సర్ మీద 150 యూట్యూబ్ వీడియోలను పరిశీలించి 2018లో ఫలితాలు వెల్లడించింది. 77 శాతం సందర్భాల్లో, వీడియోలోనో కింది కామెంట్లలోనో, తప్పుదోవ పట్టించగల లేదా ఒకవైపు మొగ్గే సమాచారం కనబడింది. పైగా శాస్త్రీయ నాణ్యత తగ్గేకొద్దీ వీక్షకుల ఆదరణ పెరిగింది!

మూత్రం ఆగి ఆగి వస్తోందని, పడకగదిలో ఇబ్బందిగా ఉందని ఇంట్లో కూడా నోరు విప్పని మగవాళ్లు ఎందరో. ఫోన్‌ను అడగడానికి సిగ్గుండదు. అందుకే ఈ సమస్యలు చూసే యూరాలజిస్టుల మీద బాధ్యత మరింత ఎక్కువ. సామాజిక మాధ్యమాలు వాళ్లకు కొత్తేమీ కాదు. అంతర్జాతీయ యూరాలజీ జర్నల్ క్లబ్ 2012లోనే ట్విటర్‌లో మొదలై, నెలకో పరిశోధన పత్రాన్ని 48 గంటల పాటు చర్చకు పెట్టింది. వైద్యుల మధ్య సాగిన ఆ శ్రద్ధ రోగి భాషలోకీ దిగాలి.

జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన నిబంధనలు, వైద్యులు సామాజిక మాధ్యమాల్లో రోగుల ఫొటోలు, స్కాన్‌లు బయట పెట్టొద్దన్నాయి. లైకులు, ఫాలోయర్లను కొనొద్దన్నాయి. ముఖ్యంగా జనరిక్ మందులే రాయాలన్న నిబంధన మీద గొడవ రేగడంతో అదే నెలలో మొత్తాన్నీ పక్కన పెట్టేశారు. సామాజిక మాధ్యమాల భాగాన్నయినా విడదీసి అమలు చేయాల్సింది.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. స్కానింగ్ రిపోర్టు చూస్తూనే ‘ఫోన్‌లో ఏం చూశారు, ఏం తాగుతున్నారు?’ అని డాక్టర్ నెమ్మదిగా అడగొచ్చు. కోప్పడడని తెలిస్తే, ఆ వీడియోను రోగే తెరిచి ఆయన చేతికిస్తాడు.