గుంటూరు ఠాణాలో ‘విచారణ’

వెట్రిమారన్ దర్శకత్వము వహించిన ‘విసారణై’ యను తమిళచిత్రము 2015 లో వెనీసు చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడి, ఆమ్నెస్టీ సంస్థ ఇటలీశాఖవారి బహుమానమును బడసెను. 2016 ఫిబ్రవరిలో మనదేశమున విడుదలయ్యెను. ఉత్తమ తమిళచిత్రముగ జాతీయ పురస్కారము నందెను. ఆస్కారు పోటీకి భారతదేశము పక్షమున పంపబడెను. విమర్శకులు మెచ్చుకొనిరి. కొందఱు మాత్రము అందలి దెబ్బలు చూడశక్యము కాకున్నవనిరి. ఆ దెబ్బలు పడినది మన గుంటూరు ఠాణాలో నన్న సంగతి ఆంధ్రులమగు మనము తగినంత తలపోయలేదని మా యభిప్రాయము.

కథకు మూలము కల్పన గాదు. కోయంబత్తూరులో ఆటో నడపుకొను చంద్రకుమార్, 1983 లో గుంటూరున చేయని నేరమునకు పోలీసులచే చిక్కి తాను పడిన యాతనను ‘లాకప్’ అను నవలగా వ్రాసెను. చిత్రమున ఉద్యానవనములో నిద్రించు తమిళ కూలీలు దొరికిపోవుదురు. గొప్పవారి యింట దొంగతనము జరిగినది. దొంగలు త్వరగా కావలెను. దిక్కులేని పరదేశులకంటె అనువైనవారెవరు? న్యాయాధిపతి యెదుట వారి మొఱ తమిళ ఇనస్పెక్టరొకడు తెలుగున చెప్పినగాని వినబడలేదు. ఆ దుబాసి యానాడు అచట లేకున్నచో? ఉత్తరార్ధమున తమిళ ఠాణాయు ఇంతకు మేలుగా గానరాదు. కావున దీనిని ఆంధ్రులపై తమిళులు మోపిన నిందగా నెంచువారు చిత్రమును సగమే చూచిరనవలెను.

ఇక దెబ్బల మాట. తెలుగు ప్రేక్షకుడు వానిని చూడనివాడా? ‘అంకుశము’ (1989) మొదలుకొని పోలీసు కథానాయకుడు రౌడీలను చితుకగొట్టుచుండగా మనము ఈలలు వేయుచునే యున్నాము. ఏలయన, తన్నులు తినువాడు నేరము చేయుట మనము తెరపై కన్నులార చూచియుందుము. నిజమైన ఠాణాలో ఆ నేరము నెవరు చూచిరి? ‘విసారణై’ యందు ఖైదీ నిరపరాధి యని మనకు ముందే తెలియును. ఈ యొక్క మార్పుతో ఈల గొంతుననే నిలిచిపోవును. చూడశక్యము కాకుండుట చిత్రమునకు దోషము గాదు. దాని ప్రయోజనమే అది.

చెన్నరాజధానిలో శిస్తుకొఱకును, నేర మొప్పించుటకును జనులను హింసించుట నిజమేనని 1855 లో కుంపిణీవారి కమీషనే తేల్చెను. గుంటూరు నాడు ఆ రాజధానిలోనిదే. పోలీసు అధికారికి చెప్పిన యొప్పుదల ముద్దాయిపై సాక్ష్యముగా చెల్లదని 1872 నాటి చట్టము శాసించెను. 2023 నాటి క్రొత్త చట్టమును ఆ నియమమునే నిలుపుకొన్నది. పరదొరలే తమ పోలీసును నమ్మలేదన్నమాట! నిర్బంధితుని బంధువులకు వర్తమాన మంపవలెనని, 48 గంటల కొకమారు వైద్యపరీక్ష జరుపవలెనని సుప్రీంకోర్టు 1996 లో డి.కె. బసు కేసున ఆదేశించెను. ప్రతి ఠాణాలోను కెమెరాలు పెట్టుడని 2020 డిసెంబరులో ఆజ్ఞాపించెను. హింసానిషేధపు అంతర్జాతీయ ఒడంబడికపై 1997 లో సంతకము చేసిన మన ప్రభుత్వము దానిని ధ్రువపఱచుట మాత్రము మఱచినది.

ఆ కెమెరాలలో నెన్ని పనిచేయుచున్నవి, వాని చిత్రములు ఖైదీ తరఫు వకీలునకు దొరకుచున్నవా యని మన శాసనసభ్యులు రానున్న సమావేశములలో అడుగవలెను. భాషరాని కూలిని పట్టి తెచ్చినపుడు, న్యాయస్థానమున గాక ఠాణాలోనే, పోలీసులతో సంబంధములేని దుబాసి నొకని నియమింపుమని గూడ కోరవలెను.