తెల్లారేసరికి ఒళ్ళు కొయ్యబారిందా? గడియారం చూడండి!

మన సినిమా హీరో ఎంత అదృష్టవంతుడో చూడండి! రాత్రి పదిమంది రౌడీలతో కలబడతాడు. మూడో అంతస్తు మీంచి దూకుతాడు. గాజు తలుపులు పగలగొట్టుకుని అవతలికి పోతాడు. మర్నాడు పొద్దున్నే తెల్ల ప్యాంటు వేసుకుని తోటలో డ్యూయెట్ పాడేస్తాడు! మెడ పట్టేసిందని గానీ, నడుం వంగడం లేదని గానీ అన్న హీరోని నేనింతవరకూ చూడలేదు. మరి మనకో? సెకండ్ షోలో ముందు వరస కుర్చీ దొరికి, మూడు గంటలు మెడ ఎత్తి చూస్తే చాలు. తెల్లారి తల తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి!

నాలాంటి రాతగాళ్ళ సంగతీ అంతే. అర్ధరాత్రి దాకా కూచుని రాసిన మర్నాడు నా నడుం చెప్పిన మాట వినదు. కాఫీ తాగి, వీధి చివరిదాకా నడిచి పేపరు తెచ్చుకునేసరికి దారికొస్తుంది. మహా అయితే పదిహేను నిమిషాల వ్యవహారం. ఈ వారం కబురంతా ఆ నిమిషాల గురించే. పొద్దున్నే ఒళ్ళు బిగుసుకోవడం అందరికీ ఉన్నదే. ఎంతసేపట్లో వదిలిందన్నదే అసలు ప్రశ్న.

ముందు ఎందుకు బిగుస్తుందో చెప్పుకుందాం. మన కీళ్ళలో గుడ్డు తెల్లసొనలాంటి జిగురు ద్రవం ఉంటుంది. ఎముకల చివర ఉండే గుజ్జుకి రక్తనాళాలు లేవు. దానికి కావలసిన ఆహారమంతా ఈ ద్రవంలోంచే అందాలి. కీలు కదులుతుంటే ద్రవం పల్చబడి అన్నివైపులకీ పారుతుంది. రాత్రంతా కదలక పడుకుంటే చిక్కబడుతుంది. చలికాలం పొద్దున పేరుకున్న కొబ్బరినూనె సీసా ఉందే, కాస్త అలాగన్నమాట!

రెండోది వెన్నుపూస. పూసల మధ్య ఉండే డిస్కులు రాత్రి పడుకున్నప్పుడు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున లేచేసరికి మనిషి ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగుంటాడు! నమ్మకపోతే గోడ మీద గీత పెట్టి, రాత్రి మళ్ళీ కొలుచుకోండి. పొడుగైనందుకు సంతోషమేగానీ, అలా ఉబ్బి ఉన్నప్పుడు వంగితే డిస్కు మీద ఒత్తిడి మామూలుకన్నా చాలా ఎక్కువ. మంచం దిగీ దిగగానే వంగి కాలివేళ్ళు అందుకునే కుర్రాళ్ళూ, నిండు బకెట్ ఎత్తే అమ్మాయిలూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. లేచిన మొదటి గంట నడుముని బాగా వంచే పనులు పెట్టుకోకండి.

ఇక మూడోది మనం చేజేతులా తెచ్చుకునేది. నచ్చిన పాటకి స్టెప్పులన్నీ ఒక్క రాత్రిలో నేర్చేసుకుంటాం. లేదా జిమ్‌లో చేరిన మొదటిరోజే బరువులన్నీ ఎత్తేస్తాం. అలవాటులేని పనికి కండరాల పోగుల్లో సన్నటి చిరుగులు పడతాయి. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలీదు. ఒకటి నుంచి మూడు రోజుల్లోపు బాగా తెలుస్తుంది. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని చెప్పేవాళ్ళున్నారు, నమ్మకండి. అది వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలోనే సర్దుకుపోతుంది. ఈ నొప్పికి మందు ఓపిక, తేలికపాటి నడక. అంతే.

ఈ మూడూ భయపడాల్సినవి కావు. భయపడాల్సింది ఇంకొకటుంది.

హైదరాబాదు కృష్ణానగర్‌లో నాకు తెలిసిన గ్రూప్ డాన్సర్ ఒకడున్నాడు. పేరు చెప్పను. ఇరవైమూడో ఏట మొదలైందట అతనికి. రాత్రి మూడింటికో నాలుగింటికో నడుం కిందిభాగం నొప్పితో మెలకువ వచ్చేది. పొద్దున ఒళ్ళు విడవడానికి రెండు గంటలు పట్టేది. తొమ్మిదింటికి షూటింగ్ అంటే అయిదింటికే లేచి గదిలో అటూ ఇటూ తిరిగేవాడు. చిత్రమేమిటంటే, రిహార్సల్ మొదలై పాట పడగానే నొప్పి సగం ఎగిరిపోయేది! సెలవురోజు పడుకుని ఉంటే మాత్రం ఇంకా ఎక్కువయ్యేది. "పని చేస్తుంటే పోయేది జబ్బెలా అవుతుందిరా?" అన్నారు తోటివాళ్ళు. అతనూ అదే నమ్మాడు. నూనెలు రాశాడు, బెల్టు కట్టాడు, మెడికల్ షాపులో అడిగి మాత్రలు మింగాడు. అలా నాలుగేళ్ళు గడిచాయి.

ఒకరోజు కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన కన్ను చూసి, "పొద్దున్నే నీకు నడుం పట్టేస్తుందా? ఎంతసేపుంటుంది?" అనడిగాడట. "అన్నా, ఎంతసేపు అని నన్నడిగిన మొదటి మనిషి ఆ కళ్ళ డాక్టరే" అన్నాడు నాతో. అక్కణ్ణించి కీళ్ళవాతం చూసే డాక్టరు దగ్గరికి, అంటే రుమటాలజిస్టు దగ్గరికి పంపారు. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని తేలింది.

పేరు నోరు తిరగదుగానీ విషయం సులువే. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే వెన్నుపూసల దగ్గర వాపు పుట్టిస్తుంది. పట్టించుకోకపోతే, కొందరిలో ఏళ్ళు గడిచేకొద్దీ పూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలాంటి వెన్నుని ఎక్స్‌రేలో చూసి, వెదురుబొంగులా ఉందంటారు డాక్టర్లు. ఇది ముసలాళ్ళ జబ్బు కాదు. ఎక్కువగా నలభై అయిదు లోపే, చాలామందికి ఇరవైల్లోనే మొదలవుతుంది. సరిగ్గా ఈ పత్రిక చదివే వయసు!

మావాడు ఇప్పుడు మందులు వాడుతున్నాడు, రోజూ వ్యాయామం చేస్తున్నాడు, డాన్సూ చేస్తున్నాడు. కాని నడుం వెనక్కి విరిచే స్టెప్పులు మళ్ళీ రాలేదు. "ముందు వరసలోంచి రెండో వరసకొచ్చానన్నా" అంటాడు. ఆ నాలుగేళ్ళ ఖరీదు అది.

కనక లెక్క రాసి పెట్టుకోండి. పది, పదిహేను నిమిషాల్లో, మహా అయితే 30 నిమిషాల్లో వదిలితే సాధారణంగా భయం లేదు. అంతకుమించి రోజూ ఉంటే డాక్టరుకి చెప్పండి. ముఖ్యంగా నడుం నొప్పి మూడునెలలు దాటినా, విశ్రాంతితో పెరిగి కదిలితే తగ్గుతున్నా, తెల్లవారుజామున నిద్రలేపుతున్నా ఆలస్యం చేయకండి. రెండు చేతుల వేళ్ళ కణుపులు వాచి, పొద్దున పిడికిలి బిగించలేకపోతే అది రుమటాయిడ్ కీళ్ళవాతం కావచ్చు. ఇది ఆడవాళ్ళలో ఎక్కువ. తొలిరోజుల్లో ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు. వెన్నులో వాపు తెలియడానికి ఒక్కోసారి ఎమ్మారై కావాలి. ఇక జ్వరం, తీవ్రమైన తలనొప్పితోపాటు మెడ బిగుసుకుంటే మర్నాటిదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

మామూలు బిగుతుకి ఉపాయాలంటారా? మెలకువ రాగానే చటుక్కున లేవకండి. పడుకునే మడమలు తిప్పండి, మోకాళ్ళు ఒక్కోటి మడిచి చాపండి, పిడికిళ్ళు మూసి తెరవండి. తర్వాత పక్కకి తిరిగి, చేత్తో ఊతమిచ్చుకుని లేవండి. ఇల్లంతా ఓ పది నిమిషాలు తిరిగి, గోరువెచ్చటి నీళ్ళు పోసుకోండి. బోర్లా పడుకుని మెడ పక్కకి తిప్పి నిద్రపోయే అలవాటుంటే మానండి. సెల్‌ఫోను గుండెలమీద పెట్టుకుని మెడ వంచి సినిమా మొత్తం చూసే అలవాటు కూడా! నొప్పి మాత్రలు రోజూ సొంతంగా మింగితే కడుపుకీ మూత్రపిండాలకీ చేటు.

ఒళ్ళు వంచితే అరిగిపోతుందన్న భయం మాత్రం వద్దు. 'నర్తనశాల' (1963)లో బృహన్నల పాత్ర కోసం ఎన్.టి. రామారావుగారు వెంపటి చినసత్యంగారి దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. అప్పటికి ఆయనకి ఇంచుమించు నలభై ఏళ్ళు! మెల్లగా, రోజూ, క్రమం తప్పకుండా అడిగితే శరీరం కాదనదు. ఒక్క రాత్రిలో అడిగితేనే మొండికేస్తుంది.

ఇప్పటికే పొద్దున ఒళ్ళు పట్టేస్తోందా? ఈ రాత్రి తలగడ పక్కన ఓ కాగితం, పెన్సిలు పెట్టుకోండి. వారం రోజులు రెండే రెండు అంకెలు వేయండి: లేచిన టైము, ఒళ్ళు వదిలిన టైము. ఆ రెండింటి మధ్య అరగంట దాటుతుంటే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎంతసేపు అని ఆయన అడక్కపోయినా మీరే చెప్పండి!