మందుల చీటీకి మరో జత కళ్లు

నడి వేసవిలో ఒక పెద్దమ్మను ఆమె కొడుకు కళ్యాణదుర్గంలో మా ఓపీకి తీసుకొచ్చాడు. విపరీతమైన నీరసం, రెండు రోజులుగా మూత్రం సరిగా రావడం లేదు. సంచిలోని మందులన్నీ బల్ల మీద పెట్టించాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. మోకాళ్ల నొప్పికి చీటీ లేకుండా కొన్న డైక్లోఫినాక్. విడివిడిగా రెండూ పనికొచ్చే మాత్రలే. కానీ ఎండకు ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి కలిస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు. నొప్పి మాత్ర ఆపి, సెలైన్ పెట్టాక ఆమె తేరుకుంది. ‘ఇవన్నీ మాకేం తెలుస్తాయి సార్, ఎవరినడగాల?’ అన్నాడు కొడుకు.

అలా అడగడానికే ఒక వృత్తి ఉంది. అదే క్లినికల్ ఫార్మసీ. అందులో ఔషధ సమాచారం ఒక ప్రత్యేక విభాగం. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 1962లోనే ఇందుకోసం కేంద్రం తెరిచారు. మన దేశంలో ఈ చదువుకు బాట వేసినవారిలో మైసూరు జేఎస్‌ఎస్ ఫార్మసీ కళాశాల ఆచార్యులు జి.పార్థసారథి ఒకరు. 2008లో ఆరేళ్ల ఫార్మ్‌-డి కోర్సు మొదలైంది. చివరి ఏడాదంతా ఇంటర్న్‌షిప్పే. మన అనంతపురంలోని రైపర్ కళాశాలలోనూ ఈ కోర్సు ఉంది.

ఈ ఆచార్యులు చేసే పని పైకి కనిపించదు. ‘గర్భిణికి ఈ మూర్ఛ మందు ఇవ్వొచ్చా?’ అని వైద్యుడు అడిగితే వెంటనే అవుననో కాదనో చెప్పరు. ఎన్నో నెల, ఎంత మోతాదు, ఇంకేం మందులు వాడుతోంది అని తిరిగి అడుగుతారు. గ్రంథాలు, తాజా పరిశోధనలు చూసి, ఆధారాలతో జవాబిస్తారు. దాన్ని నమోదు చేస్తారు. తర్వాత ఏమైందో కనుక్కుంటారు. విద్యార్థులకు నేర్పేదీ ఈ ఓపికే.

‘డాక్టరుకు ఫార్మసిస్టు చెప్పేదేమిటి?’ అనేవారు మాలో ఇంకా ఉన్నారు. ఎండీ చదివినా అన్ని మందుల సంగతులూ నాకు గుర్తుండవు. కిక్కిరిసిన ఓపీలో ఒక్కొక్కరికి దక్కేది కొద్ది నిమిషాలే. చీటీని మరొకరు సరిచూస్తే నాకు నామోషీ కాదు, రోగికి రక్ష. ఫార్మ్‌-డి చదివిన ఎందరో పిల్లలు వార్డుల్లో కొలువులు లేక నగరాల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో కనీసం ఒకరిని నియమించి, దగ్గర్లోని ఫార్మసీ కళాశాలతో ఫోన్ ద్వారా అనుసంధానించాలి. ఒక్క డయాలసిస్ తప్పినా ఆ జీతం దండగ కాదు.

అంతవరకూ మీ ఇంట్లో ఈ జాగ్రత్తలు పాటించండి. పెద్దవాళ్లు వాడే మందులన్నీ, నాటుమందులతో సహా, ఒక కాగితం మీద రాసి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా చూపించండి. బీపీ మాత్రలు వేసుకునేవారు అడగకుండా నొప్పి మాత్రలు కొనొద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బీపీ మాత్ర కొనసాగించాలో లేదో వెంటనే అడగండి, సొంతంగా మానొద్దు. మందు వికటించిందనిపిస్తే ముందు డాక్టరుకు చూపించి, ఆపై 1800-180-3024కు ఫోన్ చేసి తెలపండి. ఆ కొడుకు అడిగిన ప్రశ్న మందు మింగకముందే అడగాల్సింది.