పేరు పెడితే పరువు పోతుందా?

కుక్కకు రాజు అని పేరు పెట్టారని తెలిస్తే, ఆ వీధిలోని రాజుగారు కొట్లాటకొస్తారు. పిల్లిని సీతా అని పిలిస్తే ఇంట్లో పెద్దవాళ్లు "దానికి దేవుడి పేరే దొరికిందా" అని కసురుకుంటారు. అదే టామీ అంటే ఎవరికీ ఏ బాధా లేదు. జిమ్మీ అన్నా, జానీ అన్నా అంతే. అవి మనుషుల పేర్లు కావా? ఏ తల్లులో ఉయ్యాలలో బిడ్డలకు పెట్టుకున్న పేర్లు కావా? తరాలుగా తెలుగు లోగిళ్లలో కుక్కల్ని దొరల పేర్లతో పిలుస్తున్నాం. అప్పుడెవరికీ మనిషి పేరు గౌరవం గుర్తు రాలేదు. పరాయివాడి పేరు కుక్కకు సరిపోయింది, మన పేరు దగ్గరికొచ్చేసరికి పరువు పోయింది! కుక్క నీచమన్న నమ్మకం లేకపోతే ఈ కోపానికి నిలవనీడ ఉండదు. ఆ నమ్మకాన్నే నేను అసహ్యించుకుంటాను.

వీధి తగాదా అయితే పోనీ అనుకోవచ్చు. ఇది హైకోర్టు దాకా వెళ్లింది. త్రిపురలోని సిపాహీజల జూ నుంచి బెంగాల్లోని సిలిగురి సఫారీ పార్కుకు రెండు సింహాలొచ్చాయి. మగదాని పేరు అక్బర్, ఆడదాని పేరు సీత. ఆడసింహం పేరు మార్చాలంటూ 2024 ఫిబ్రవరిలో విశ్వహిందూ పరిషత్ కలకత్తా హైకోర్టు జల్పాయిగురి బెంచిని ఆశ్రయించింది. దేవుళ్ల పేర్లు, స్వాతంత్ర్య యోధుల పేర్లు జంతువులకు ఎవరైనా పెడతారా అని న్యాయమూర్తి అడిగారు. పేర్లు మార్చే సంగతి ఆలోచించమన్నారు. ఈ పేర్ల విషయంలోనే త్రిపుర ప్రభుత్వం ఒక ఉన్నత అటవీ అధికారిని సస్పెండ్ చేసింది. అంతకు ముందు, 2023 అక్టోబరులో, రాహుల్ గాంధీ తన తల్లికి ఇచ్చిన కుక్కపిల్ల పేరు నూరీ అని తెలిసి, అది తమ మతానికి అవమానమని మజ్లిస్ నాయకుడొకరు ప్రయాగ్‌రాజ్ కోర్టుకెక్కారు. మిగతా అన్నిటిలో కత్తులు దూసుకునే ఈ రెండు పక్షాలూ జంతువును అంటరానిదాన్ని చేయడంలో మాత్రం ఒక్కటయ్యాయి.

ఎవరైనా పెడతారా అన్న ప్రశ్నకు జవాబు ఏ పల్లెలోనైనా దొరుకుతుంది. రైతు పెడతాడు. పాడావు లక్ష్మి, దాని పెయ్య గౌరి, కాడెద్దులు రాముడు, భీముడు. పొలంలో ఆ పేర్లతోనే అదిలిస్తాడు, కోపమొస్తే ఆ పేర్లతోనే తిడతాడు, జబ్బు చేస్తే ఆ పేర్లతోనే ఏడుస్తాడు. ఆయన భక్తికి లోటొచ్చిందని ఏ గుడి పూజారీ అనలేదు.

ఆ కేసు నడిచిన బెంగాల్లోనే శరత్‌చంద్రుడు 'మహేశ్' కథ రాశాడు. శరత్‌ను తెలుగువాళ్లు సొంత రచయితలా చదువుకున్నారు గనుక ఆ కథ ఎందరికో గుర్తుంటుంది. గఫూర్ పేద ముసల్మాను. ముసలి ఎద్దుకు శివుడి పేరు పెట్టుకున్నాడు. కరువులో దానికి గుప్పెడు గడ్డి కోసం ఊరందరినీ బతిమాలాడు, తన తిండి దానికి పెట్టాడు, చివరికి తట్టుకోలేని ఒక్క క్షణంలో తన చేతులతోనే దాన్ని చంపుకొని, కూతురి చెయ్యి పట్టుకుని ఊరు విడిచిపోయాడు. గోవు పవిత్రమని ఉపన్యాసమిచ్చిన పెద్దమనిషి మాత్రం ఆ ఎద్దుకు ఒక్క గడ్డిపరక పెట్టలేదు. ఆ ఎద్దును మహేశ్ అని పిలిచే హక్కు గఫూర్‌కు లేదని చెప్పగల ధైర్యం ఎవరికుంది?

జంతువుకు పేరిచ్చే ఈ మర్యాదను మన ఇతిహాసం ఎప్పుడో పాటించింది. నన్నయ ఆదిపర్వం తొలి కథల్లోనే సరమ ఉంది. ఆమె దేవతల కుక్క. తన బిడ్డను జనమేజయుడి తమ్ముళ్లు నిష్కారణంగా కొట్టారని నిండు యజ్ఞశాలకు వచ్చి, చక్రవర్తిని నిలదీసింది. కుక్కకు పేరుంది, బిడ్డ ఉంది, న్యాయం అడిగే నోరుంది. తెలుగు భారతాన్ని నెత్తిన పెట్టుకునే జాతికి ఇది గుర్తు లేకపోతే ఎట్లా?

హైదరాబాద్ నెహ్రూ జూలోని రజని అనే ఏనుగు పాతబస్తీ బోనాల్లో అమ్మవారి ఘటాన్ని మోసింది, మొహర్రంలో బీబీ కా ఆలంనూ మోసింది. రజని అన్న పేరున్న ఆడపిల్లలు ఆ నగరంలో ఎందరో. ఒక్కరికీ అవమానం జరగలేదు. కూనో జాతీయ ఉద్యానంలోని చీతాల్లో ఎల్టన్, ఫ్రెడ్డీలకు 2023లో గౌరవ్, శౌర్య అని పేర్లు మార్చారు. అవి మన ఇళ్లలో మగపిల్లల పేర్లే. ఎవరూ నోరెత్తలేదు.

అసలు పేరు గౌరవం గురించి మాట్లాడే అర్హత మన సమాజానికి ఎక్కడిది? రాజయ్యను రాజిగా అని, లక్ష్మిని లచ్చీ అని పిలిచిన దొరల గడీలు ఈ నేల మీద ఉన్నాయి. వెట్టి చేసే మనిషికి తల్లి పెట్టిన పేరును నిండుగా ఉచ్చరించడానికి కూడా ఒప్పుకోని నోళ్లవి. కుక్కకు నిండు పేరు పెడితే మండిపడే గుణం ఆ నోళ్ల నుంచి వచ్చిందే. కింద ఒకడు ఉండాలి, వాడికి మన పేరు అంటకూడదు.

పగవాడి పేరు కుక్కకు పెట్టి, వాడు వినేలా తిట్టేవాళ్లున్నారని తెలుసు. అది దుర్మార్గం. అక్కడ నోరులేని ప్రాణాన్ని మన కక్షకు వాడుకుంటున్నాం. కానీ ప్రేమతో పెట్టిన పేరులోనూ అవమానం వెతికే రోగం ఎంత దూరం వెళ్లిందో చూడండి. 2021 డిసెంబరులో గుజరాత్ భావ్‌నగర్ జిల్లా పాలితానాలో ఒకావిడ కుక్కపిల్లకు సోనూ అని పేరు పెట్టుకుంది. పక్కింటి ఇల్లాలి ముద్దుపేరు కూడా అదే. ఆ పక్కింటివాళ్లు కుక్కపిల్లను పెంచుకున్నావిడ ఇంట్లోకి జొరబడి ఆమె మీద కిరోసిన్ పోసి నిప్పంటించారు. ఒక కూనకు పెట్టిన రెండక్షరాల పేరుకు ఒక ఆడమనిషి ఒళ్లు కాలింది.

ఇప్పుడు చట్టం సంగతి చూడండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మూగజీవాన్ని కొట్టినా, హింసించినా, ఆకలికి వదిలేసినా మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. టీ, బిస్కట్ల ఖర్చు! సింహానికి సీత అని పేరు పెట్టిన పాపానికి ఉద్యోగంలోంచి పక్కన పెట్టడం, కుక్కను చితకబాదితే ఈ చట్టం కింద యాభై రూపాయలు. సింహం పేరు మార్చమని లాయర్లను పెట్టుకుని హైకోర్టు మెట్లెక్కిన సంస్థలను, కుక్కపిల్ల పేరు కోసం ఫిర్యాదు రాసిన నాయకులను నేను బాహాటంగా అడుగుతున్నాను: ఆ యాభై రూపాయల అంకె మార్చమని ఒక్క పిటిషన్ వేయండి. పేరులో మీరు చూసిన పవిత్రత నిజమైతే, సీత అన్నా అక్బర్ అన్నా మీ గుండె నిజంగా తడిస్తే, రేపే వేయండి.