‘మీరేమోళ్ళు?’

ఇల్లు అడగడానికి పోతే కిరాయి ఎంత పెట్టుకోగలరని ముందు అడగరు. ఎంతమంది ఉంటారని కూడా తర్వాతే. ముందు అడిగేది ‘మీరేమోళ్ళు?’ అని. గేటు పట్టుకొని, సగం తెరిచి, నా సహచరి బోసి నుదుటి దిక్కు ఒకసారి చూసి అడుగుతారు. కిరస్తానపోళ్ళేమోనని కొందరికి చిన్న ఆశ. పేరు చెప్పగానే ఆ ఆశ కూడా పోతుంది. గేటు సగం నుంచి పావుకు వస్తుంది.

మేమిద్దరం టీచర్లం. నాది జగిత్యాల, ఆమెది కోరుట్ల. 2016 అక్టోబర్ 11న కరీంనగర్ జిల్లాను ముక్కలు చేసినప్పుడు అందరితోపాటు మేమూ సంబరపడ్డాం. ఐదేండ్ల తర్వాత, 2021 డిసెంబర్‌లో, 317 జీవో వచ్చింది. పాత జిల్లా ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు పంచారు. సీనియారిటీ లిస్టులో పైనున్నవాళ్ళు కోరుకున్న చోట ఉన్నారు. కిందున్న మేం రాజన్న సిరిసిల్లలో పడ్డాం. ఆలుమగల్ని చెరొక జిల్లాకు విసిరేసిన కేసులు ఎన్నో ఉన్నాయి కాబట్టి, ఇద్దరం ఒకే జిల్లాలో పడ్డందుకు తోటి టీచర్లు మమ్మల్ని అదృష్టవంతులన్నారు. మేమూ అట్లాగే అనుకున్నాం, ఇల్లు వెదకడానికి పోయేదాకా.

నా తెలుగు బాగుంటుంది. తెలుగే చెప్తాను బళ్ళో. ఫోన్లో మాట్లాడితే ‘రండి సార్, చూసుకోండి’ అంటారు. వస్తున్నది ఎవరో చెప్పమంటే చెప్తాను. అటుపక్క కాసేపు మాట ఉండదు. తర్వాత ‘అయ్యో, మొన్ననే ఒకాయన అడ్వాన్స్ ఇచ్చిపోయిండు సార్’ అంటారు. ఆ ఇంటి టులెట్ బోర్డు నెలన్నర తర్వాత కూడా వేలాడుతూనే ఉంది. రోజూ ఆ బోర్డు కిందనుంచే బడికి పోయేవాణ్ణి.

ఒకామె నీసు వాసన పడదన్నది. ఆదివారం పొద్దున మేకకూర దుకాణం ముందు ఆమె భర్త నాకంటే ముందు నిలబడి కనిపించాడు. ‘మాకైతే ఏం లేదు సార్, పక్కోళ్ళు ఒప్పుకోరు’ అన్నాడొకాయన. ఆ పక్కింటికి పోయి అడిగితే వాళ్ళూ ఇదే మాట. ఇంకొకాయన నిజాయితీగా మాట్లాడాడు, ఆయన్ని మెచ్చుకోవాలి. ‘మీరు చదువుకున్నోళ్ళు, మంచోళ్ళే. మీ సుట్టాలొస్తరు గదా!’ అన్నాడు. పెద్దకూర సంగతి నోరు విప్పి ఎవరూ అడగలేదు. వంటగది చూపించేటప్పుడు వాళ్ళ కండ్లు అడిగాయి.

వీటన్నిటికంటే మా ఇద్దరికీ నిద్రపట్టనీయనిది ఒక ఇల్లు. కింద ముసలి దంపతులు. పైన కొత్తగా కట్టిన రెండు గదులు, వంటిల్లు. గిలాబు ఇంకా ఆరలేదు. పెద్దమ్మ మంచినీళ్ళిచ్చింది, కూసోమన్నది. కొడుకు దుబాయిలో ఉంటాడని, పదేండ్ల కష్టంతో ఈ పై పోర్షన్ లేపాడని చెప్పింది. కంపెనీ రూంలో మంచం మీద మంచమేసి పదిమంది పడుకుంటారని, రూంలో జగిత్యాల సాయిబుల పిలగాడొకడు ఉన్నాడని, కొడుక్కి జ్వరమొస్తే వాడే వండిపెట్టాడని కండ్లనీళ్ళు పెట్టుకున్నది. నా సహచరి ఆమె చెయ్యి పట్టుకున్నది. ఇక ఇల్లు దొరికినట్లే అనుకున్నాం. లోపల్నుంచి పెద్దాయన వచ్చి పేరడిగాడు. పెద్దమ్మ తల వంచుకున్నది. ‘ఏమనుకోకు బిడ్డా, మా దాంట్ల సాయిబులకియ్యం’ అన్నది.

ఆ ఇల్లు తురకల దేశం పైసలతో లేచింది. కొడుకు ప్రాణం నిలబెట్టిన చెయ్యి ఒక తురకది. అక్కడ పదిమందిలో ఒకడిగా పక్కన పడుకోవచ్చు. ఇక్కడ కిరాయి ఇచ్చి నెత్తిమీద రెండు గదుల్లో ఉండరాదు. ఆ పెద్దమ్మను నేను తిట్టలేను. ఆమెకు ఆ మాట నేర్పినవాళ్ళతోనే నా పేచీ.

సిరిసిల్ల వాళ్ళకు సాయిబులు కొత్తా? మరమగ్గాల మీద బతుకు సాగనప్పుడు ఈ ఊరి పద్మశాలీలు భీవండికి పోయారు. అక్కడ మగ్గాలు నడిపిన వాళ్ళలో అన్సారీలు, మోమిన్లు ఎంతమంది! నేతగాడికి నేతగాడు పక్కన నిలబడి సాంచాలు నడిపాడు. 1984లో భీవండి తగలబడ్డప్పుడు కూడా, మంటలు ఆరాక మళ్ళీ అదే సాంచ దగ్గరికి ఇద్దరూ వచ్చారు. ఇంకో సంగతి. ఈ జిల్లా పేరులో ఉన్న రాజన్న వేములవాడ రాజన్న. ఆ గుడి ఆవరణలోని దర్గా దగ్గర కూడా దండం పెట్టుకొని పోయే భక్తుల్ని చూస్తూ పెరిగినవాళ్ళం మేం. దేవుడు తన వాకిట్లో చోటిచ్చాడు. భక్తుడు పై పోర్షన్ ఇవ్వడు!

వెనకటి రోజులు బంగారమని చెప్పబోవడం లేదు. మా అత్త కోరుట్లలో బీడీలు చేసి పిల్లల్ని పెంచింది. పక్కింటి పద్మశాలి పిన్నమ్మతో కలిసి తునికాకు కత్తిరించేది, దారం అయిపోతే ఆమె దగ్గర తీసుకునేది, కార్ఖానాలో ఛాట్ కింద బీడీలు పక్కకు తీసేస్తే ఇద్దరూ కలిసి కొట్లాడేవాళ్ళు. అయినా పిన్నమ్మ వాకిట్లో కూర్చున్నదే గాని వంటింటి గడప ఎన్నడూ దాటలేదు. పీర్ల పండుగకు పీరు ఎత్తుకున్న చేతులే మాకు గ్లాసు విడిగా పెట్టాయి. ఆ కాలపు ఎడం వాకిట్లో ఉండేది, ఇప్పుడది గల్లీ మొదట్లోకి వచ్చి నిలబడ్డది. పెరిగిన దూరం అంత.

నా గొడవ అసలు మా సెక్యులర్ మిత్రులతో. సిరిసిల్ల మామూలు ఊరు కాదు. చెన్నమనేని రాజేశ్వరరావును ఎర్రజెండా మీద పలుమార్లు అసెంబ్లీకి పంపిన ఊరు. సుందరయ్య పేరు మీద బస్తీ ఉన్న ఊరు. ఇక్కడ నాకొక మిత్రుడున్నాడు. రచయిత. ఏటా డిసెంబర్ ఆరున సభ ఉంటే ముందు వరసలో ఉంటాడు. గంగా జమునా తహజీబ్ అని నాకంటే బాగా పలుకుతాడు, నుక్తాలతో సహా. ఆయన పై పోర్షన్ ఖాళీగా ఉంది. నేను అడగకముందే ఆయనే ఆ మాటెత్తాడు. ‘మా నాన్నగారున్నారు కదా, ఆయన పాతకాలం మనిషి. నాకైతే...’ అన్నాడు. నాన్నగారు పోయేదాకా సెక్యులరిజం ఆగాలన్నమాట. ఆయన పోయాక అమ్మగారుంటారు. ఆ తర్వాత పిల్ల పెళ్ళి సంబంధాలు వస్తాయి.

ఈ మిత్రులే మమ్మల్ని ఇంకో ప్రశ్న అడుగుతారు. ‘మీవాళ్ళు ఎందుకండీ అంతా ఒక్కచోటే గుంపుగా ఉంటారు? జనజీవన స్రవంతిలో కలవరెందుకు?’ అని. స్రవంతి ఒడ్డున టులెట్ బోర్డు ఉంది. దాని కింద మేం నిలబడి ఉన్నాం. కలవనిది ఎవరు?

సచార్ కమిటీ 2006లో ఇదే చెప్పింది. భయంతో ముస్లింలు ఒకేచోట ముడుచుకుంటున్నారని, కోరుకున్న చోట ఇల్లు కొనడం, కిరాయికి తీసుకోవడం నానాటికీ కష్టమవుతున్నదని రాసింది. మేం ఉండే బస్తీలను బ్యాంకులు అప్పులివ్వరాని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకుంటున్న సంగతీ అందులో ఉంది. ఇటు ఇల్లివ్వరు. అటు మాకు మిగిలిన గల్లీలో ఇల్లు కట్టుకుందామంటే లోనివ్వరు. సుఖదేవ్ థోరాట్, ఆయనతోటి పరిశోధకులు 2012లో ఢిల్లీ చుట్టుపక్కల కిరాయి ఇండ్ల మీద సర్వే చేశారు. అగ్రవర్ణ పేర్లతో అడిగినవాళ్ళకు ఇల్లు దొరికింది. దళితుల్లో దాదాపు 18 శాతానికి, ముస్లింలలో దాదాపు 31 శాతానికి మొహం మీదే లేదన్నారు. ఎక్కువ కిరాయి, అదనపు షరతులు పెట్టినవి ఇవికాక. అన్నా, దళిత మిత్రమా, ‘మీరేమోళ్ళు’ అన్న ప్రశ్న మనకంటే ముందు నిన్ను అడిగారు. ఈ కొట్లాట నీదీ నాదీ ఒక్కటేనని నేను వేరే చెప్పాలా?

చట్టం ఉంది కదా అంటారు. చూశాను. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్ళలో, బావుల దగ్గర, చెరువుల దగ్గర మతం పేరుతో, కులం పేరుతో ఎవర్నీ ఆపరాదన్నది. కిరాయి ఇంటి ఊసు అందులో లేదు. దేశంలో ఎక్కడైనా స్థిరపడే హక్కు 19వ అధికరణంలో ఉంది. ఆ హక్కును సర్కారుకు చూపించాలె, ఇంటి ఓనరుకు చూపిస్తే నవ్వుతాడు. 2005లో అహ్మదాబాద్ పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమవాళ్ళకే పరిమితం చేసుకునే నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టు అన్నది. పార్సీలు చిన్న సమూహం, వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కాని ఆ తలుపు సందులోంచి ఎవరెవరు దూరుతారో కోర్టు ఆలోచించవలసింది.

ఇక్కడ ఒక మాట జ్ఞాపకం చేయాలి. ‘కల్లోలిత ప్రాంతం’ అన్న మాట మా రెండు తాలూకాలకు కొత్తది కాదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని సర్కారు ప్రకటించింది. అప్పుడు వెట్టి చేయించుకున్న దొరలకు ఊళ్ళు పనులు బంద్ పెట్టాయి. గడ్డం గీసేవాళ్ళు లేక, బట్టలు ఉతికేవాళ్ళు లేక దొరలు ఊళ్ళు విడిచారు. సాంఘిక బహిష్కరణను బలవంతుడి మీద ఆయుధంగా తిప్పిన నేల ఇది. గుజరాత్‌లో ఇదే ‘కల్లోలిత ప్రాంతం’ పేరుతో 1991 నుంచి ఒక చట్టం నడుస్తున్నది. అట్లా ప్రకటించిన చోట ఇల్లు అమ్మాలన్నా కొనాలన్నా కలెక్టరు అనుమతి కావాలి. బలవంతంగా అమ్మించకుండా కాపాడే చట్టమని పేరు. ఆచరణలో హిందువు ఇల్లు ముస్లిం కొనకుండా ఆపే గోడ అయింది. మా దగ్గర ఆ చట్టం లేదు. చట్టం అక్కర లేకుండానే ఓనర్లు కలెక్టర్లయ్యారు.

ఇక మా ఇంటి సంగతి. పదకొండు ఇండ్లు తిరిగాక ‘ఇగ చాలు, మనోళ్ళ గల్లీకి పోదాం’ అన్నది నా సహచరి. నేను వద్దన్నాను. అక్కడే మేమిద్దరం గట్టిగా కొట్లాడుకున్నాం. కలిసి ఉండే చోట ఉండాలని నా పట్టుదల. ఆమె అడిగింది: ‘1992 డిసెంబర్‌లో మా అమ్మీ రాత్రంతా తలుపు దగ్గరే కూర్చున్నది. 2020లో కరీంనగర్‌కొచ్చిన ఇండోనేషియా వాళ్ళకు కరోనా అని తేలిన మర్నాడు కోరుట్లలో కూరగాయలామె నా దగ్గర పైసలు చేత్తో తీసుకోలేదు. నడిరాత్రి ఏదన్నా అయితే తలుపు కొట్టడానికి నాకు నాలుగిండ్లు కావాలె. నీ సెక్యులరిజం కోసం నన్ను పహరా ఉంచుతవా?’ నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

పోయాం. మనోళ్ళ గల్లీలో ఇంటాయన సలాం చేసి, చాయ్ తాపి, అడిగాడు. ఏ జమాత్ అని. బేగంసాబ్ బురఖా వేసుకోరా అని. షేకులా, సయ్యదులా అని. దూదేకుల అని చెప్పాను. ‘అచ్ఛా, పింజారీ!’ అని పక్కాయనను చూసి నవ్వాడు. అదే ప్రశ్న, ఈసారి ఉర్దూలో. గుళ్ళూ గోపురాలూ ఉన్న వీధిలో తురకను, మసీదు ఉన్న గల్లీలో పింజారిని. ఈ సంగతి మనవాళ్ళ పుస్తకంలో రాయొద్దని కొందరు అన్నారు. బయటివాళ్ళకు ఆయుధమవుతుందట. మా అయ్య దూదేకే ధనుసు ఇంకా మా ఇంట్లోనే ఉంది, నేను దాన్ని ఏ ఆయుధంగానూ ఎవరి చేతికీ ఇవ్వను. నవ్విన నవ్వును మాత్రం దాచను. అయినా ఆ నవ్వినాయన ఇల్లిచ్చాడు. నవ్వనివాళ్ళెవరూ ఇవ్వలేదు. మోరీ పొంగే ఆ గల్లీలో, పదకొండు నెలల అగ్రిమెంట్ మీద చేరాం. ఆ అగ్రిమెంట్ ఎన్నిసార్లో మారింది, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాం.

అదీ మేం ‘ఎన్నుకున్న’ బస్తీ. రేపు ఎవరో పరిశోధకుడొచ్చి ముస్లింలు సొంత ఇష్టంతోనే ఒకచోట ఉంటారని రాసుకుంటాడు. మా సహచరి సంతకం, నా సంతకం సాక్ష్యంగా చూపిస్తాడు.

రచయిత మిత్రమా, మీ నాన్నగారు కులాసాగా ఉన్నారని విన్నాను, సంతోషం. ఆయనతో ఒకసారి నేనే మాట్లాడతాను. పాతకాలం మనిషి కదా, పీర్ల పండుగ ఆయనకే ఎక్కువ గుర్తుంటుంది. మీ పై పోర్షన్ ఇంకా ఖాళీగానే ఉందట. కిరాయి ఎంతో చెప్పండి.