లండన్‌లో ఎక్కడ దిగాలి, ఏం చూడాలి: నౌబాద్ నుంచి మా మాట

విదేశం పోయేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న "ఏమేం చూడాలి?" అని. మా లెక్కలో అది మూడోది. మొదటిది "ఎవరెవరు పోతున్నాం?", రెండోది "ఎక్కడ దిగుతున్నాం?". ఈ రెండూ తేలితే మూడోది సగం దానంతటదే తేలుతుంది. మన బీదర్ దిక్కు పిల్లలు లండన్‌లో ఉద్యోగాలకు పోవడం, ఏడాది తిరక్కముందే అమ్మానాన్నల్ని రమ్మనడం ఇప్పుడు మామూలైంది. పిల్లలుండే గదేమో చిన్నది, అందరూ పట్టరు. కాబట్టి బస వెతుక్కోక తప్పదు.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. అందులో మొదటి పాఠం: అన్నిటినీ పరీక్షించడం ఎవరి తరమూ కాదు. ఏది చెడితే ఎక్కువ నష్టమో అది ముందు చూసుకోవాలి. ప్రయాణమూ అంతే. ఒక మ్యూజియం తప్పిపోతే పెద్ద నష్టం లేదు. అమ్మ మోకాళ్ళు రెండో రోజే పట్టేసినా, ఆమెకు సయించే తిండి దొరక్కపోయినా మిగిలిన రోజులన్నీ పోయినట్టే. మనలాంటి ఇండ్లల్లో పెద్దవాళ్ళకు ఇలాంటి ప్రయాణం జన్మకు ఒక్కసారే. దానికోసం దాచిన డబ్బు కూడా ఊకె వచ్చింది కాదు.

అందుకే మా ఓటు నగరం నడిబొడ్డుకు కాదు, తూర్పున ఉన్న ఈస్ట్ హామ్‌కు. నడిబొడ్డున చవగ్గా దొరికే హోటళ్ళు చాలావరకు పాత ఇండ్లను మార్చి కట్టినవి. గదులు ఇరుకు, మెట్లు నిటారు, లిఫ్టు ఉండకపోవచ్చు. ఈస్ట్ హామ్‌లో హై స్ట్రీట్ నార్త్ మీద నడిస్తే ఇడ్లీ, దోసె, కందిపప్పు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. మహాలక్ష్మి గుడి ఆ రోడ్డు మీదే ఉంది. హీత్రూలో దిగి 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్ ఎక్కితే వైట్‌చాపెల్ దాకా తిన్నగా రావచ్చు. అక్కడ ఒక్కసారి మారితే చాలు.

"అంత దూరం పోయి మళ్ళీ ఇడ్లీల మధ్యే ఉండాలా?" అని మా తమ్ముళ్ళు నవ్వుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ పొద్దున ఇంత కడుపులో పడితేనే పెద్దవాళ్ళు పగలంతా కొత్త ఊరిని చూడగలరు. పైగా ఈస్ట్ హామ్ నుంచి డిస్ట్రిక్ట్ లైన్‌లో టవర్ హిల్, వెస్ట్‌మిన్‌స్టర్, సౌత్ కెన్సింగ్టన్‌లకు రైలు మారే పనిలేదు. హ్యామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ యూస్టన్ స్క్వేర్‌కు పోతుంది. పదకొండేళ్ళలోపు పిల్లలకు పెద్దవాళ్ళతో పాటు ట్యూబ్‌లో టికెట్ లేదు. శని, ఆదివారాల్లో మాత్రం పట్టాల పనులకు కొన్ని లైన్లు ఆపుతారు, ముందురోజే చూసుకోవాలి. ఏ స్టేషన్‌లో మెట్లు లేకుండా బయటికి రావచ్చో చెప్పే మ్యాపు వేరే ఉంటుంది. పెద్దవాళ్ళతో పోయేవాళ్ళకు అదే అసలు మ్యాపు.

ఇక చూసేవి. రోజుకు ఒకటి, మహా అయితే రెండు. అవి కూడా మనకేదో చుట్టరికం ఉన్నవే ఎంచుకోమంటాం.

సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన బిద్రీ సామాను ఉంది. జస్తం, రాగి కలిపి పోతపోసి, వెండి తీగ పొదిగి, మన కోట మట్టితో నలుపెక్కించిన హుక్కా బుడ్లు అంత దూరం చేరాయి. మేము కన్నడ బడి పుస్తకంలో చదువుకున్న టిప్పు సుల్తాన్ కొయ్యపులి కూడా అక్కడిదే. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక తీసుకుపోయింది. ప్రవేశం ఉచితం. ఏ గ్యాలరీ తెరిచి ఉందో ముందే కనుక్కోవాలి. ఒక్క షరతు: లండన్ పోకముందు పిల్లల్ని చౌబారా దగ్గరి బిద్రీ కార్ఖానాకు తీసుకుపోండి. చేసే చేతుల్ని చూడకుండా అద్దాల వెనక సామాను చూస్తే అర్థమయ్యేది సగమే.

బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపం రాళ్ళున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి ఎక్కువ, 1880లో ఆ మ్యూజియానికి చేరాయి. లండన్ పోలేనివాళ్ళు బాధపడనక్కర్లేదు. అదే స్తూపం రాళ్ళు చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలోనూ ఉన్నాయి, రైల్లో పోయి చూడొచ్చు.

మూడోది కెన్సల్ గ్రీన్ శ్మశానం. అక్కడ సి.పి. బ్రౌన్ సమాధి ఉంది. బేకర్ స్ట్రీట్‌లో రైలు మారి పోవాలి. "తీర్థానికి పోయినట్టు పోయి శ్మశానం చూస్తారా?" అని ఇంట్లో పెద్దలు అంటే, బసకొచ్చి స్నానం చేస్తే సరిపోతుందని చెప్పండి. 1798లో కలకత్తాలో పుట్టిన ఆ మనిషి ఉద్యోగానికని కడప వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు, నిఘంటువు కట్టాడు, 1884లో లండన్‌లో పోయాడు. మన ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజార్లో ఉర్దూ. కన్నడ అక్షరాల పోలికతో తెలుగు కూడబలుక్కున్న మనలాంటివాళ్ళకు, బయటినుంచి వచ్చి ఈ భాష పట్టుకున్న మనిషి దగ్గరివాడే అనిపిస్తాడు.

వద్దనేవీ చెబుతాం. బ్రిటిష్ లైబ్రరీలో మెకంజీ కాగితాలున్నాయి, కానీ కూర్చుని చదివే పనిలేకపోతే గేటు ముందు ఫోటో కోసం పోవడం దండగ. డబ్బు పెట్టి చూసేది ఒక్కటే అనుకుంటే పెద్ద చక్రం కన్నా లండన్ టవర్ మేలు. కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే కోహినూరు అక్కడి కిరీటంలో ఉంది. అది ఎవరిదని పిల్లలు అడిగితే నిజం చెప్పండి. ఆ ఒక్క ప్రశ్నకే టికెట్ డబ్బులు గిట్టుబాటవుతాయి.

చివరగా ఒక రోజు ఏమీ పెట్టుకోకండి. పార్కులో బెంచీ మీద కూర్చోనివ్వండి. పెద్దవాళ్ళు ఊరిని చూసేది అప్పుడే. తిరిగొచ్చాక పదేళ్ళు చెప్పుకునేది కూడా ఎక్కువగా ఆ రోజు గురించే.